ముందు చవకది, తర్వాత మంచిది: వీణ కొనుగోలులో ఒక సలహా వెల

తీగ వాద్యం కొనే కుటుంబానికి మూడు రకాల ఖర్చులు ఎదురవుతాయి. మొదటిది దుకాణంలో చెల్లించే ధర. రెండవది ఆ వాద్యాన్ని ఏళ్ల తరబడి అపస్వరం లేకుండా పలికించడానికి అయ్యే నిర్వహణ వ్యయం. మూడవది దాన్ని తిరిగి అమ్మినప్పుడు చేజారే విలువ, అంటే కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా. బేరం జరిగే పూట అందరి దృష్టీ మొదటిదాని మీదే నిలుస్తుంది గనుక, మిగిలిన రెండూ తర్వాత ఒక్కొక్కటిగా ఇంటి ఖాతాలోకి వచ్చి చేరతాయి. రాజాంలోని ఒక మధ్యతరగతి కుటుంబం తమ అమ్మాయి వీణ విద్య కోసం పెట్టిన ఖర్చును తేదీల వారీగా ఖాతా పుస్తకంలో రాసుకున్నందువల్ల ఈ మూడింటినీ విడివిడిగా తూచి చూసే వీలు కలిగింది. ఆ అంకెలే ఈ వ్యాసానికి ఆధారం.

2022లో జిల్లాల పునర్విభజనతో శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి మారిన రాజాంకు పొరుగునే బొబ్బిలి ఉంది. బొబ్బిలిని ఆనుకుని ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు తరతరాలుగా పనస చెక్కతో వీణలు చేస్తున్నారు. భౌగోళిక గుర్తింపు పొందిన ఆంధ్రప్రదేశ్ హస్తకళల్లో బొబ్బిలి వీణ ఒకటి. వీణలో తీగల కంపనాన్ని నాదంగా పెంచే గుండ్రటి భాగాన్ని కుండ అనీ, మెట్లు అమరే పొడవాటి భాగాన్ని దండి అనీ, చివర యాళి ముఖంతో వంగి ఉండేదాన్ని తల అనీ అంటారు. ఈ మూడింటినీ ఒకే మానులోంచి తొలిస్తే అది ఏకాండి వీణ. వేర్వేరుగా చెక్కి అతికిస్తే అతుకుల వీణ. ఏకాండికి లావైన, పగుళ్లు లేని, బాగా ఆరిన పనస మాను కావాలి, అలాంటి మాను దొరకడం నానాటికీ కష్టమవుతోంది. ధరలోని తేడాలో చాలా భాగం పనితనం కంటే ముందు ఈ చెక్కలోనే ఉంది. అతుకుల వీణలన్నీ నాసిరకమనుకోవడం మాత్రం పొరపాటు, ఎందుకంటే అతుకు బిగువుగా ఉండి చెక్క ఆరినదైతే అవి కూడా చక్కగా పలుకుతాయి. చిక్కంతా పచ్చి చెక్కతో వస్తుంది. ఆరని చెక్కతో చేసిన దండి ఏడాది తిరగకుండానే తీగల బిగువుకు లోనై వంగుతుంది, దండి వంగితే మెట్ల వరుస ఎగుడుదిగుడవుతుంది, అప్పుడు ఒక మెట్టు మీద నొక్కిన తీగ పక్క మెట్టును తాకి జీరగా మోగుతుంది.

ఈ కుటుంబానికి అందిన సలహా తెలుగు ఇళ్లలో అందరూ విన్నదే: ముందు చవకది కొనండి, పిల్ల నిలదొక్కుకుంటే అప్పుడు మంచిది చూడవచ్చు. సలహా ఇచ్చినవారు అమ్మాయికి వరసకు పెదమావయ్య. ఇంట్లో డబ్బు విషయాల్లో ఆయన మాట కాదనే అలవాటు ఎవరికీ లేదు. బొబ్బిలి వెళ్లి పని చేసేవారి దగ్గరే తీసుకుందామని అమ్మాయి తల్లి మొదటినుంచీ అన్నా, ఆ మాట చెల్లలేదు. ఏకాండి వీణకు గొల్లపల్లిలో చెప్పిన ధర 34,000 రూపాయలు కాగా, నగరంలోని ఒక దుకాణంలో 14,000కే అతుకుల వీణ దొరికింది. సంచీకి, రవాణాకు మరో 2,000 అయ్యాయి. ఆ రోజు 20,000 రూపాయలు ఆదా అయ్యాయని ఇంట్లో అనుకున్న మాట ఆ తల్లి మనసులో ఈనాటికీ ముల్లులా ఉంది. ఆ ముల్లుకు కారణమేమిటో అంకెలు చెబుతాయి. అయితే అంకెలు అర్థం కావాలంటే ముందు మేళం సంగతి తెలియాలి.

వీణకు 24 మెట్లు ఉంటాయి. ఒక స్థాయికి 12 స్వరస్థానాల చొప్పున రెండు స్థాయిలకు సరిపోయే ఈ స్థిరమైన అమరికను 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుని కాలం నాటిదిగా సంగీత చరిత్రకారులు చెబుతారు. మెట్టు అంటే చిన్న లోహపు కడ్డీ. ఈ కడ్డీలను దండి మీద మేకులతో బిగించరు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి కాచిన నల్లని మైనాన్ని దండి పొడవునా రెండు గట్లుగా పరచి, ఆ గట్ల మీద ఒక్కొక్క మెట్టునూ చెవితో స్వరం సరిచూసుకుంటూ నాటుతారు. ఈ పనినే మేళం కట్టడం అంటారు. పనిచేసే వ్యక్తి సారణిని, అంటే ప్రధానమైన నాలుగు తీగల్లో అన్నిటికంటే హెచ్చు శ్రుతి గలదాన్ని మీటి, మైనం మెత్తగా ఉండగానే మెట్టును వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిపి, స్వరం కుదిరాక అదే మెట్టు మీద పంచమం, మంద్రం, అనుమంద్రం తీగలను కూడా మీటి చూస్తాడు. ఒక తీగకు కుదిరిన స్థానం మరొక తీగకు కుదరకపోతే మెట్టును కాస్త ఏటవాలుగా తిప్పాలి. 24 మెట్లకూ ఇదే వరస. ఆ తర్వాత మెట్ల తలలన్నీ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో చూడాలి, తీగలను మోసే గుర్రం మీది లోహపు రేకు ఎక్కడైనా గాడి పడి ఉంటే దాన్ని ఆకురాయితో నునుపు చేయాలి. రోహిణి కార్తె ఎండల్లో ఈ మైనం మెత్తబడుతుంది, వేళ్ల ఒత్తిడికి మెట్లు అణగుతాయి; అందువల్ల ఎంత మంచి వీణకైనా కొన్నేళ్లకొకసారి మేళం తప్పదు. చెక్క పచ్చిదైతే ఆ కొన్నేళ్లు ఒక ఏడాదికి కుదించుకుపోతాయి. చవక వీణ అసలు వెల ఇక్కడ మొదలవుతుంది.

ఈ సంగతి పాశ్చాత్య వాద్యంతో పోల్చినప్పుడు మరింత విశదమవుతుంది. పెళ్లి ఆర్కెస్ట్రాలలోనూ చర్చి ఆరాధనల్లోనూ బేస్ గిటార్ వాయించే యువకులు కూడా ఇదే సలహాను వింటారు. బేస్ అంటే పాటకు అడుగున మంద్రస్వరాన్ని నిలిపే వాద్యం. నిలబడి వాయించే నిలువు బేస్‌కు మెట్లు లేవు, స్వరస్థానాన్ని వేలే వెతుక్కోవాలి. 1951లో అమెరికాలో లియో ఫెండర్ మెట్లు బిగించిన విద్యుత్ బేస్‌ను మార్కెట్‌లోకి తెచ్చి, స్వరం కచ్చితంగా పడుతుందన్న అర్థంలో దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టాడు. ఆ బేస్‌లో మెట్లు మెడలో శాశ్వతంగా నాటుకుని ఉంటాయి గనుక, స్వరం తేడా వస్తే తీగ ఆనే ఆధారాన్ని మరతో ముందుకో వెనక్కో జరిపి సరిచేస్తారు. మెడ వంగితే దాని లోపలుండే ఉక్కు కడ్డీని పానాతో తిప్పి నిటారు చేస్తారు. అంటే బేస్‌లో తీగ చివర కదులుతుంది, మెట్లు కదలవు. వీణలో గుర్రం కదలదు, మెట్లన్నీ కదులుతాయి. నాలుగు తీగల బేస్‌ను సరిచేయడం నాలుగు చోట్ల కుదుర్చుకునే పని, నేర్చుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. వీణకైతే 24 చోట్ల చెవి పెట్టాలి, అది చేయి తిరిగినవారి పని. కాబట్టి చవక బేస్ కొని, శ్రద్ధగా సరిచేయించుకుని, మంచి తీగలు వేసుకున్న కుర్రవాడు చాలాకాలం నెట్టుకురాగలడు. ఆ విషయంలో ‘ముందు చవకది’ అన్న సలహాకు కొంత బలం ఉంది. నిలువు బేస్‌లో కూడా, సముద్రపు తేమ తగిలే ప్రాంతాల్లో చెక్కిన ఘనమైన చెక్క కంటే ప్లైవుడ్ పెట్టె పగుళ్లకు బాగా ఓర్చుకుంటుంది, పైగా చవక. అదే సూత్రాన్ని వీణకు అతికించబోతే మాత్రం అది చెల్లదు.

ఇక లెక్క. చవక వీణకు మొదట్లో అయినది 16,000. ఏడాది తిరిగేసరికి మేళం 4,500. రెండో ఏడాది బిరడాలు, అంటే తీగలను బిగించే చెక్క మరలు, పట్టు వదిలి జారిపోతుంటే వాటిని మార్చి గుర్రాన్ని సరిచేయించడానికి 2,500. మూడో ఏడాది చివర దండి వంపు ఇక తీరేది కాదని గురువుగారు తేల్చి చెప్పాక దాన్ని అయినకాడికి అమ్మితే వచ్చినది 4,000. అంటే మూడేళ్లకు నికరంగా 19,000 ఖర్చు. ఈలోగా ఏకాండి వీణ ధర 34,000 నుంచి 42,000కు పెరిగింది. మొత్తం 61,000. మొదటే ఏకాండి కొని ఉంటే సంచీ, రవాణాలతో 36,000, మూడేళ్లకు ఒక మేళం 4,500, వెరసి 40,500. తేడా 20,500 రూపాయలు.

ఈ తేడాను ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం న్యాయం కాదు, ఎందుకంటే చవక వీణ కొన్నప్పుడు చేతిలో మిగిలిన 20,000కు వడ్డీ వస్తుంది. కనుక అన్ని మొత్తాలనూ ఏడాదికి 7 శాతం చక్రవడ్డీతో మూడో ఏడాది చివరి విలువకు తేవాలి. అలా తెస్తే మొదటి 16,000 విలువ 19,601, మేళానికి పెట్టిన 4,500 విలువ 5,152, మరమ్మతుకు పెట్టిన 2,500 విలువ 2,675 అవుతాయి. వీటికి 42,000 కలిపి, అమ్మగా వచ్చిన 4,000 తీసేస్తే 65,428. రెండో మార్గంలో 36,000 విలువ 44,102, మేళం 4,500, వెరసి 48,602. వడ్డీ మినహాయించినా 16,826 రూపాయలు తేడాగానే మిగిలాయి. ఆ తల్లి ఈ లెక్కను పుస్తకంలో రెండుసార్లు వేసి, కింద గీత గీసింది.

పెదమావయ్య సలహా వెనుక ఒక భయం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు: పిల్ల ఏడాదికే మానేస్తే ఏమిటి? ఆ భయానికి కూడా ఒక వెల కట్టవచ్చు. ఏడాదికే వీణ మానేస్తే చవక వీణకు 5,000, గొల్లపల్లి ఏకాండికి 24,000 తిరిగి వస్తాయని ఆ కుటుంబం విచారించి తెలుసుకున్న అంచనా. చవక వీణకు పెట్టిన 16,000 ఏడాది వడ్డీతో 17,120. అందులో 5,000 పోతే నష్టం 12,120. ఏకాండికి పెట్టిన 36,000 వడ్డీతో 38,520. అందులో 24,000 పోతే నష్టం 14,520. అంటే పిల్ల మానేసిన పక్షంలో చవక వీణ వల్ల మిగిలేది 2,400 రూపాయలే, కొనసాగిన పక్షంలో పోయేది 16,826. ఈ రెండూ సరితూగాలంటే వీణ మొదలుపెట్టిన నూరుమంది పిల్లల్లో 85 మందికి పైగా ఏడాదికే మానేయాలి. అంతకంటే తక్కువమంది మానేసేట్టయితే ఆ సలహా నష్టదాయకం. జాగ్రత్త పేరుతో చెప్పిన ఈ మాట నిజానికి పిల్ల మానేస్తుందన్న పందెం. ఆ పందెం కాసినవారికి ఆ సంగతి తెలియదు. పిల్ల మానేయలేదు.

వ్యథ కలిగించే అంశం ఇంకొకటి ఉంది. చవక వాద్యం మీద స్వరం సరిగా పలకకపోతే తప్పు వేళ్లదా మెట్లదా అని నేర్చుకునే పిల్ల తేల్చుకోలేదు. తన వేళ్లనే తప్పుపట్టుకుంటుంది. గమకం, అంటే తీగను మెట్టు మీద పక్కకు లాగి స్వరాన్ని ఊపడం, వీణకు ప్రాణం. మెట్లు అణిగిన వీణ మీద అది వికటిస్తుంది. ఈ నష్టానికి ఏ వడ్డీ రేటూ వర్తించదు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలసి, ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులై, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ బోధించిన ఈ సీమలో నేర్పేవారికి కొరత లేకపోయినా, పిల్ల చేతికి ఇచ్చే వాద్యం దగ్గర మాత్రం పొదుపు పాటించడం ఆనవాయితీ అయిపోయింది. అదే కుటుంబం అదే ఏడు అదే అమ్మాయి కోసం 2,00,000 రూపాయల నగ చేయించినప్పుడు, 3 శాతం జీఎస్టీ కింద 6,000 రూపాయలు, దానిపైన తరుగు, మజూరీ చెల్లించింది. ముందు గిల్టు నగ కొని, పిల్ల పెట్టుకుంటుందో లేదో చూసి తర్వాత బంగారం చేయిద్దామని ఏ పెద్దా అనలేదు. చేతితో చేసిన దేశీయ వాద్యాల జాబితాలో ఉన్న వీణకైతే జీఎస్టీ మినహాయింపే ఉంది. ఆడపిల్ల చెవులకు పెట్టేదాన్ని ఆస్తి అనీ, చెవికి నేర్పేదాన్ని సరదా అనీ పద్దు రాసే ఇళ్లలో ఈ లెక్క ఎప్పుడూ తప్పుతూనే ఉంటుంది.

గురువు దగ్గర పాత వీణ అద్దెకు తీసుకోవడం, మైనం అవసరం లేని డిజిటల్ వీణ కొనడం, వాయిదాల మీద తీసుకోవడం వంటి మార్గాలు కూడా ఉన్నాయి. వీటిలో మొదటిది, దొరికిన చోట, అన్నిటికన్న మేలు.

కొనేవారు పాటించదగిన వరుస ఒకటుంది. బొబ్బిలి పేరుతో అమ్మే చిన్న వీణలు బహుమతులుగా ఇచ్చే కళాఖండాలు, వాయించే వాద్యాలు కావు. ఈ తేడా తెలియక మోసపోకూడదు. పెద్ద వీణను కొనేటప్పుడు గురువును వెంట తీసుకెళ్లి, దండి వెంట తల వైపు నుంచి ఒంటికన్నుతో చూసి వంపు లేదని నిర్ధారించుకుని, ప్రతి మెట్టు మీదా నాలుగు తీగలూ మీటించి, తీగల కొసలు కట్టే నాగపాశం దగ్గర శ్రుతిని సూక్ష్మంగా సవరించే లంగరులు సులువుగా జరుగుతున్నాయో లేదో చూడాలి. ఇప్పటికే వీణ ఉండి, ఇంతకన్న మంచిదానికి మారాలనుకునేవారు ముందు ఉన్నదానికి కొత్త తీగలు వేయించి మేళం కట్టించాలి. దండి నిటారుగా ఉంటే చాలామందికి కొత్త వీణ కోరిక అక్కడే తీరిపోతుంది, 42,000 పని 4,500తో అవుతుంది. దండి వంగి ఉంటే మేళం మీద మేళం కట్టించడం డబ్బు పారేసుకోవడమే గనుక, అప్పుడు మారడమే లాభం.

ఆ కుటుంబం ఏకాండి వీణ వచ్చిన నెలలోనే తపాలా కార్యాలయంలో అమ్మాయి పేరున నెలకు 130 రూపాయల రికరింగ్ డిపాజిట్ తెరిచింది. కనీసం 100 రూపాయలతో, ఆపైన 10 చొప్పున పెంచుకుంటూ ఈ ఖాతా తెరవవచ్చు; గడువు అయిదేళ్లయినా మూడేళ్లు నిండాక ముందే మూసుకునే వీలుంది. 36 నెలలకు కట్టినది 4,680 అవుతుంది, మేళం 4,500 పోగా వడ్డీ కాక 180 మిగులు. మేళం మాత్రం రోహిణి కార్తె వెళ్లి, వానలు పడి, ఎండ తగ్గాక కట్టించాలని ఖాతా పుస్తకంలో ఆ పద్దు పక్కనే తల్లి రాసి ఉంచింది.