బీచ్ కోసమే అయితే పుదుచ్చేరి వద్దు

పుదుచ్చేరికి టికెట్లు తీసుకునే ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఊరి ముందు సముద్రం ఉంది గానీ చాలా ఏళ్లపాటు ఇసుక లేదు. 1980ల చివర్లో అరియాంకుప్పం నది సముద్రంలో కలిసే చోట ఓడరేవు కోసం రాతి గోడలు కట్టారు. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. గోడలు దాన్ని అక్కడే ఆపేశాయి. ఉత్తరాన ఉన్న నగరానికి మిగిలింది, కోత ఆపడానికి పోసిన బండరాళ్ల వరుస. పర్యాటకులు ముద్దుగా 'రాక్ బీచ్' అంటున్నది దీన్నే.

2018-19లో సచివాలయం ఎదుట సముద్రగర్భంలోకి ఉక్కు కట్టడాన్ని దించాక కొంత ఇసుక తిరిగొచ్చింది. పిల్లలు గూళ్లు కట్టుకోవడానికి అది చాలు. ఈతకు మాత్రం కాదు, ఇక్కడి అలలు మనిషిని లోపలికి లాగేస్తాయి. కోత కూడా మాయమైపోలేదు. ఉత్తరాన జాలరి పల్లెల వైపు జరిగింది. ఆ సంగతి హోటళ్ల బ్రోచర్లలో కనిపించదు.

కాబట్టి ఇది ఈదే ఊరు కాదు, నడిచే ఊరు. రెండు రాత్రులు, మూడు రోజులు సరిపోతాయి. జనవరి, ఫిబ్రవరి అనువైన నెలలు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలతో పేచీ. 2024 నవంబర్ 30న ఫెంగల్ తుపాను తీరం దాటినప్పుడు ఒక్క రోజులో సుమారు 48 సెంటీమీటర్ల వాన కురిసింది. శని, ఆదివారాల్లో చెన్నై, బెంగళూరు కార్లన్నీ ఇక్కడే ఉంటాయి, గది అద్దెలూ ఆ లెక్కనే పెరుగుతాయి. సోమవారం దిగితే ఊరు ఊరిలా కనిపిస్తుంది. హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చేవారికి చెన్నైలో దిగి ఈస్ట్ కోస్ట్ రోడ్డు పట్టుకోవడం సులువు. సుమారు 150 కిలోమీటర్లు, మూడు గంటల ప్రయాణం. మహాబలిపురం దారిలోనే తగులుతుంది.

సాయంత్రం బీచ్ రోడ్డుపై వాహనాలు ఆపేస్తారు. గాంధీ విగ్రహం నుంచి అటూ ఇటూ ఊరంతా అక్కడే తిరుగుతుంది. దాని వెనకే వైట్ టౌన్. పసుపు గోడలు, కాగితంపూల తీగలు, పెళ్లి ఫొటోల కోసం బారులు తీరిన జంటలు. 1761లో బ్రిటిష్ సేనలు ఈ పట్టణాన్ని నేలమట్టం చేశాయి. ఇప్పుడు కనిపించేదంతా ఆ తర్వాత లేచిందే.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కాలువ దాటితే తమిళ పట్టణం. డూప్లే దుబాసీ ఆనందరంగ పిళ్లై 18వ శతాబ్దిలో కట్టించిన ఇల్లు మార్కెట్ సందడిలో ఇంకా నిలిచి ఉంది. వైశ్యాల్ వీధిలో ఇళ్ల ముందు వరండాలు, బాటసారి కూర్చోవడానికి అరుగులు, లోపల ఆకాశం కనిపించే మండువాలు. గోదావరి జిల్లాల వారికి తాతగారి ఊరు గుర్తుకు రాకమానదు. ఈ వీధి పునరుద్ధరణకు 2008లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది.

అయినా పాత ఇల్లు ఖర్చుతో కూడిన వ్యవహారం. వారసులు పెరిగి, వాటాలు పడి, చివరికి అపార్ట్‌మెంట్‌గా మారిన ఇళ్లు చాలానే ఉన్నాయి. సర్కారీ భవనాలకే దిక్కులేని రోజులున్నాయి. బీచ్ రోడ్డులోని మేరీ భవనం 2014 నవంబర్ వానలకు కూలిపోయింది. ఇప్పుడున్నది అదే రూపంలో తిరిగి కట్టి 2021లో ప్రారంభించినది. గది వెతికేటప్పుడు సముద్రం కనిపించే కిటికీకి అదనంగా చెల్లించే బదులు, కాలువకు ఇటువైపు అతిథి గృహాలుగా మారిన మండువా ఇళ్లను చూడటం మేలు. ఆ అద్దెతోనే పైకప్పు పెంకులు మారుతున్నాయి.

ఆరోవిల్‌కు ఒక పూట కేటాయించాలి. మాతృమందిరాన్ని దూరం నుంచి చూడటం తేలికే గానీ, లోపల ధ్యానానికి ముందే అనుమతి తీసుకోవాలి. రోమ్‌తో వ్యాపారం నడిపిన అరికమేడు పక్కనే ఉంది. అయితే అక్కడ మిగిలింది శిథిల గోడలే. చరిత్రపై మోజు లేని బంధువులను ఆ పూట హోటల్లోనే వదిలి వెళ్లడం మంచిది.