తాళపత్రములకు తగిన మదర్‌బోర్డు

స్మృతికి సంస్కారమొక్కటే కారణమని అన్నంభట్టు తర్కసంగ్రహమున నిర్ణయించినారు. కంప్యూటరునందును ఈ భేదము కనబడును. డిస్కులో నిద్రాణముగా నుండునది సంస్కారస్థానీయము. ర్యామ్‌లోనికి వచ్చి పనికి అందునది స్మృతిస్థానీయము. విద్యుత్తు ఆగిన క్షణమున ఈ రెండవది శూన్యమగును.

ఏలూరులోని ఒక వృద్ధ ఘనపాఠిగారికి ఈ విషయము తాళపత్రముల మూలమున అనుభవమునకు వచ్చినది. వారి యింట పితామహుల నాటి ప్రయోగగ్రంథముల కట్టలున్నవి. కొల్లేటి సీమ తేమకు అంచులు మెత్తబడి, పురుగు తొలిచి, కొన్ని అక్షరములు ఇప్పటికే నశించినవి. మిగిలినవానినైనా నిలుపుకొనవలెనని స్కాన్ చేయనారంభించినారు. నలభై సెంటీమీటర్ల పొడవు, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు గల ఆకును అంగుళమునకు 600 చుక్కల చొప్పున తీసినచో ఒక పార్శ్వమే సుమారు 27 మెగాబైట్లగును. 150 ఆకుల కట్ట, రెండు పార్శ్వములు కలిపి, 8 గిగాబైట్లు. విరిగిన ముక్కలను జతపరచుటకు వానినన్నింటిని ఒక్కమారుగా తెరచి చూడవలెను. ఇంటిలోని పాత యంత్రమునకున్న ర్యామ్ మొత్తమే 8 గిగాబైట్లు. అది మొదటి కట్టవద్దనే చతికిలబడినది.

క్రొత్త డెస్క్‌టాప్‌కు విడిభాగములు కూర్చునప్పుడు వారి దృష్టి ప్రాసెసరుపైననే నిలిచినది. తాడేపల్లిగూడెం నిట్‌లో చదువుచున్న మనుమడు అడ్డుపడినాడు: "తాతగారూ, ముందు బోర్డు చూడండి. రంగుదీపాలు కాదు, స్లాట్లు లెక్కపెట్టండి."

దుకాణములో చూపిన మెరుపుల బోర్డుకు రెండే స్లాట్లు. డీడీఆర్ 4 లో 32 గిగాబైట్ల పలకలు రెండు పెట్టినచో 64 తో నిండిపోవును. పిదప పెంచదలచిన ఉన్నవానిని తీసివేయవలెను. నాలుగు స్లాట్ల బోర్డులో నేడు 64, అవసరమైనప్పుడు 128. ఒకే రకపు పలకలు జంటగా కొనవలెను. జంటను ఏ స్లాట్లలో పెట్టవలెనో బోర్డుతో వచ్చు పుస్తకములో చూచుకొనవలెను. డీడీఆర్ 5 పలక డీడీఆర్ 4 బోర్డున పట్టదు. పైగా సాధారణ బోర్డులలో నాలుగు డీడీఆర్ 5 పలకలు పెట్టిన వేగము తగ్గును. కనుక ఆ మార్గమున పోవువారికి రెండు పెద్ద పలకలే మేలు.

దోషములను తానే దిద్దుకొను ఈసీసీ ర్యామ్ మాట కూడ వచ్చినది. స్వరము తప్పిన 'ఇంద్రశత్రు' శబ్దము ఏమి చేసినదో ఎరిగినవారికి ఒక్క బిట్టు తారుమారగుట చిన్న విషయముగా తోచదు. కాని దానికి ప్రాసెసరు, బోర్డు, ర్యామ్ మూడును అనుకూలింపవలెను, వ్యయము పెరుగును. ఘనపాఠిగారు దానిని వలదన్నారు. చిత్రమును మూలపత్రముతో తామే సరిచూతుమని, మిగిలిన ధనముతో మరి రెండు డిస్కులు తెప్పించినారు. ఈ నిర్ణయమే యుక్తము. ర్యామ్ ఎంతయున్నను పని సాగించునే గాని గ్రంథమును కాపాడదు.

ఒక డిస్కు ఏలూరులో, మరొకటి తాడేపల్లిగూడెంలో మనుమని వద్ద ఉన్నవి. బోర్డులో రెండు స్లాట్లు ఇంకను ఖాళీయే. మూడవ కట్ట విప్పినారు.