మూడు రాష్ట్రాల దారి

జర్మనీల ఉండే మా చెల్లె వాళ్లు కారేసుకొని ఒక్క సెలవుల్నే మూడు దేశాలు తిరిగొస్తరు. ఆ ఫొటోలు చూసి పిల్లలు మనమెప్పుడని అడిగితే మ్యాప్ ముందటేసుకున్న. మన మంచిర్యాల మీదికెల్లి పోయే 63వ నంబరు జాతీయ రహదారే పట్టుకొని పోతే మూడు రాష్ట్రాలు తిరగొచ్చు! చెన్నూరు, కోటపల్లి దాటి ప్రాణహిత వంతెన ఎక్కితే అవతల మహారాష్ట్ర. సిరొంచల తెలుగు ఇంకా వినవడుతది. ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్. భోపాలపట్నం, బీజాపూర్, గీదం, జగ్దల్‌పూర్.

గీదం కాడ దంతెవాడకు మలుగాలని నాయిన పట్టు. 1323ల ఓరుగల్లు పడిపోయినంక ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు బస్తర్ పోయి రాజ్యం నిలబెట్టిండని, దంతెవాడ దంతేశ్వరి ఆ వంశం ఇలవేల్పని చెప్తరు. కోట కూలుడుతోనే కాకతీయుల కథ అయిపోయిందని బళ్లె చదువుకున్నం. మిగిలిన కథ అడివి అవతల ఉన్నది, పిల్లలకు అది చూపియ్యాలె.

జగ్దల్‌పూర్ల దసరా 75 రోజుల పండుగ. రావణ దహనం ఉండదు, అంతా దంతేశ్వరి అమ్మవారిదే, పెద్ద కట్టె రథం గుంజుతరు. వానలు వెనుకవట్టినంక చిత్రకోట్ జలపాతం గూడ నిండుగ ఉంటది. అందుకే దసరా సెలవులే ఖాయం జేసినం. అడివి దారి, పొద్దుగూకినంక బండి నడపం.

సిరొంచ నుంచి బీజాపూర్ దాకా ఈమధ్య పోయినోళ్లుంటే రోడ్డు ఎట్లున్నదో చెప్పుండ్రి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నడుమ ఆగెతందుకు మంచి జాగలు గూడ చెప్పుండ్రి.