ఆరు వోల్టుల మెరుపు

ఇండక్షన్ కాయిలు ట్రాన్స్‌ఫార్మరుకు తాతవంటిది. ఐర్లండులోని మేనూత్ కళాశాలలో నికొలస్ కేలన్ దానిని 1836లో రూపొందించాడు. 1887లో హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలను పుట్టించినది అటువంటి చుట్టతోనే. పుస్తకంలో బొమ్మ చూసి ఊరుకోక, పాత సామానుతో ఒకటి చుట్టి చూడాలని నాకెంతో కాలంగా కోరిక.

మా బాబాయిది మోటారు వైండింగు పని. నలభయ్యేళ్ళపాటు కాలిపోయిన బోరు మోటార్లకూ, ఫాన్లకూ ప్రాణం పోసినవాడు. చూపు మందగించి కొట్టు మూసివేశాడు. సన్నని ఫాను తీగ కొసలు మాత్రం అటక మీద గోనెసంచిలో మిగిలిపోయినవి. అడిగితే, "ఇస్తాను గానీ, చుట్టేది నేనే" అన్నాడు.

ఇళ్ళు కట్టేటప్పుడు ఇనుప కడ్డీలను బిగించే బైండింగు వైరును 15 సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించి కట్టగా కట్టాము. మెత్తని ఇనుము గనుక తేలికగా అయస్కాంతమవుతుంది, అంతే తేలికగా ఆ గుణాన్ని వదులుకుంటుంది. దానిపై పాత స్టెబిలైజరులోని మందపాటి తీగ 200 చుట్లు. ఆపైన ప్లాస్టిక్ గొట్టం, గొట్టం మీద సన్నతీగ 7200 చుట్లు. ఈ మొత్తాన్నీ ఒకే బారున చుడితే పొరకూ పొరకూ మధ్య వోల్టేజి పెరిగి ఎనామిలు చిట్లుతుంది. అందుకని 12 ఇరుకు గదులుగా విభజించి, గదికి 600 చుట్లు చొప్పున, నడుమ కొవ్వొత్తి మైనంలో ముంచిన కాగితం వేసుకుంటూ పోయాము. బాబాయి కళ్ళు మూసుకుని, వేళ్ళ సందున తీగను జారనిస్తూ, పెదవులు కదుపుతూ లెక్కించేవాడు. రోజుకు రెండు గదులు. మధ్యలో పలకరించినవారికి మూడినట్లే.

ఇక లెక్క. 7200ను 200తో భాగిస్తే 36. బ్యాటరీ 6 వోల్టులది, గుణిస్తే 216. గాలిలో 2 మిల్లీమీటర్ల మెరుపుకు వేల వోల్టులు కావాలి. అవి ఎక్కడివి? కరెంటు పారుతున్నప్పుడు కాదు, తెగినప్పుడు పుట్టేవి. కాలింగు బెల్లులో వలెనే ఒక రేకు అయస్కాంతం వైపు లాగబడి, తానే కరెంటును తెంపుతుంది. అయస్కాంత క్షేత్రం ఎంత త్వరగా కూలితే వోల్టేజి అంత ఎక్కువ. తెగేచోట లేచే రవ్వ ఆ వేగాన్ని చెడగొడుతుంది. దానిని అణచడానికి కండెన్సరు తగిలించే ఉపాయం 1853లో ఫిజో చెప్పినది. మాకు సీలింగు ఫాను కండెన్సరే సరిపోయింది.

(పాత మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మరు ఉండగా ఇంత శ్రమ ఎందుకని ఒక మిత్రుడి ప్రశ్న. అది ఇంటి కరెంటుతో నడిచి, 2000 వోల్టుల దగ్గర ప్రాణం తీసేంత కరెంటునిస్తుంది. దాని జోలికి పోరాదు.)

ఏడవనాటి సాయంత్రం నీలిమెరుపు వచ్చింది, చీమంత. బాబాయి ముఖం దగ్గరకు తేబోతే భుజం పట్టి ఆపాను. కనిపించలేదన్నాడు.

హెర్ట్జ్ గుర్తుకు వచ్చాడు. ట్రాన్సిస్టరు రేడియోను మీడియం వేవులో స్టేషను లేనిచోట పెట్టి ఆయన చేతికిచ్చాను. మీట నొక్కగానే బరబరమన్నది, వదలగానే ఊరుకున్నది. బాబాయి దానిని చెవికి ఆనించుకొని పక్కగదిలోకి నడిచాడు. మళ్ళీ నొక్కమన్నాడు. కొంతసేపటికి వీధి గుమ్మం దగ్గర నుంచి కేక:

"నొక్కరా, ఇక్కడికీ వస్తున్నది!"