నూరు శాతం జూమ్‌లో నాయనమ్మ

సెకండియర్ వేసవి సెలవుల్లో ఫోటోలు అమ్మిపెట్టే ఒక స్టాక్ సైటుకి పన్నెండు ఫోటోలు పంపాను. పన్నెండూ రిజెక్ట్. నాకు సప్లీలు కూడా ఎప్పుడూ అన్ని ఒకేసారి రాలేదు.

బాబాయి తన పాత డీఎస్ఎల్ఆర్, 50 ఎంఎం లెన్స్ ఇచ్చాడు. నాయనమ్మ ఆవకాయ కలుపుతుంటే వంటింట్లో ట్యూబ్‌లైట్ కింద టకటకా తీసేశా. ఫోన్‌లో చూస్తే అదిరిపోయాయి. హాస్టల్ గ్రూపులో అందరూ తెగ మెచ్చుకున్నారు. సైటు మాత్రం కారణాలు వరసగా రాసింది: నాయిస్, ఫోకస్ లేదు, ట్రేడ్‌మార్క్ కనిపిస్తోంది, అన్నీ ఒకేలా ఉన్నాయి.

కోపం తగ్గాక లాప్‌టాప్‌లో ఒక్కోటీ 100 శాతం జూమ్ చేసి చూశా. ఫోన్ తెర మీద 24 మెగాపిక్సెల్స్ ఫోటో చిన్నదైపోయి, తప్పులన్నీ దాక్కుంటాయి. ఇక్కడ దాక్కోలేదు. నీడలున్న చోటల్లా రంగురంగుల ఇసుక చల్లినట్టుంది. ఐఎస్ఓ 3200 పెట్టాను మరి. ఎఫ్ 1.8లో అంత దగ్గర్నుంచి తీయడం వల్ల నాయనమ్మ బొటనవేలి గోరు స్పష్టంగా ఉంది, పక్కనే ఉన్న మామిడి ముక్క మసకగా ఉంది. వెనకాల నూనె డబ్బా మీద కంపెనీ పేరు మాత్రం మసకలోనూ పోల్చుకోవచ్చు!

మనం ఇంజనీర్లం కదా, సాఫ్ట్‌వేర్‌తో బాగుచేద్దాం అనుకున్నా. నాయిస్ తగ్గించే స్లైడర్ కుడివైపుకి లాగాను. ఇసుక పోయింది. దాంతోపాటు నాయనమ్మ చేతి ముడతలూ, కారం అంటుకున్న గీతలూ పోయాయి. బట్టల షాపు బొమ్మ చెయ్యిలా తయారైంది. షార్ప్‌నెస్ పెంచితే వేళ్ళ చుట్టూ తెల్లటి అంచులొచ్చాయి. మళ్ళీ పంపా, మళ్ళీ రిజెక్ట్. ఈసారి నాకు కోపం రాలేదు. ఆ చెయ్యి మా నాయనమ్మది కాదని నాకే తెలుస్తోంది.

కెమెరాలోకి రాని వివరాన్ని ఏ స్లైడరూ తిరిగి తేలేదు. అందుకే వారం తర్వాత అత్తయ్య వాళ్ళ కోసం ఇంకో జాడీ కలిపేటప్పుడు ముందే సర్దుకున్నా. పొద్దున్నే వసారాలో పీట వేశా, అక్కడ ఎండ నేరుగా పడదు కానీ వెలుతురు బోలెడు. రెండోవైపు నీడ పోవడానికి తాతయ్య తెల్ల పంచె తాడు మీద ఆరేశా. నూనె డబ్బా బదులు ఇత్తడి గిన్నె పెట్టా. లెన్స్ తుడిచా. ఎఫ్ 5.6, ఐఎస్ఓ 400, రా ఫైల్. ట్రైపాడ్ ఉంటే చాలనుకున్నా కానీ అది నా చేతి వణుకునే ఆపుతుంది, కలిపే చేతిని ఆపదు. అందుకని షట్టర్ 1/250. ఒకే కోణంలో పది కాకుండా కత్తిపీట, ముక్కలు, ఆవపిండి, చెయ్యి విడివిడిగా తీశా.

ఆ రోజు అనుకోకుండా ఒక మంచి ఫోటో పడింది. నాయనమ్మ ఉప్పు రుచి చూసి, తలెత్తి నవ్వింది. 100 శాతంలో చూసినా కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.

కానీ మొహం కనిపిస్తే ఆ మనిషి సంతకం చేసిన అనుమతి పత్రం కావాలి. ప్రింట్ తీసి తీసుకెళ్ళా.

"సంతకమెందుకురా? పొలం రాయించుకుంటున్నావా?" అంది.

"కాదు నాయనమ్మా, నీ ఫోటో ఎవరైనా కొనుక్కోవచ్చు. రేపు ఏ పచ్చళ్ళ కంపెనీవాళ్ళో సీసా మీద వేసుకోవచ్చు."

"ఎవరు కొన్నారో నీకు చెప్తారా?"

"చెప్పరు."

కాసేపు ఆలోచించింది. "నేను కలపని పచ్చడికి నా మొహమేంట్రా? ఉప్పెక్కువైతే తినేవాళ్ళు నన్ను తిట్టుకోరూ? అయినా నీకు పనికొస్తుందంటే పెడతాలే, పెన్నియ్యి."

పెన్ను జేబులోనే ఉంది. ఇవ్వబుద్ధి కాలేదు. నాకోసం పెట్టే సంతకమే కానీ, ఆవిడకి ఇష్టమై పెట్టేది కాదు. నాయిస్, ఫోకస్ అంటూ రెండు వారాలు కుస్తీ పట్టినవాణ్ణి, ఆవిణ్ణి ఒక్క మాట అడగాలని అప్పటిదాకా తోచలేదు.

మొహం లేనివి ఏడు పంపాను, నాలుగు తీసుకున్నారు. ఇప్పటిదాకా ఆవపిండి ఫోటో ఒక్కటే ఎవరో కొన్నారు, వచ్చిన డబ్బుతో మెస్ పక్కన టీ కూడా రాదు.

నవ్వే ఫోటో ఎక్కడికీ పంపలేదు. ప్రింట్ వేయించి ఇచ్చా. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా, ఇంకా దగ్గరగా పట్టుకుని చూసింది. "ముడతలన్నీ పడ్డాయే!" అంది. తీసుకెళ్ళి దేవుడి పటాల పక్కన పెట్టుకుంది.