కొలత

మా తాత చెప్పులు కుట్టేవాడు. కణేకల్ మాదిగ గేరిలో పుట్టినోళ్లకు తోలు, ఆరె, సుత్తె కొత్తగాదు. అయితే ఆయన కుట్టినవాటిలో నాకు బాగా గుర్తుండేవి కాళ్లకు తొడుక్కునేవి కావు.

మా చిన్నాయన కొడుకుకు రెండేండ్ల వయసులో పోలియో వచ్చింది. కాళ్లు రెండూ చచ్చుబడినాయి. అరచేతులు నేలకానించి పాకేవాడు. ఎండాకాలం మా సీమలో నేల ఎట్ల కాలుతుందో తెలిసిందే. తాత వాని చేతులు బండమీద పెట్టించి, చుట్టూ బొగ్గుతో గీత గీసి, పాత లారీ టైరు కోసి చేతిచెప్పులు కుట్టినాడు. ఏడాదికొకసారి మళ్లీ గీత గీసేవాడు. "చెయ్యి పెరుగుతాది గదరా, ఎవురి కొలత వాళ్లదే" అనేవాడు.

2001లో నేను ఏడు, వాడు ఆరు. ఇద్దర్నీ ఒక సంక్షేమ హాస్టల్లో చేర్పించినారు. ఊరి పేరు అక్కర్లేదు. అక్కడ లెట్రిన్లు నాలుగు. రెంటికి తలుపుల్లేవు, ఒకదాన్లో వంటకట్టెలు, నాలుగోదానికి నీళ్లు రావు. ముందర మోకాలెత్తు మెట్లు. అందరం చెంబు పట్టుకొని కంపచెట్లలోకి పోయేవాళ్లం. ఆ ముండ్లలో వాడు పాకలేడు. తెల్లారకముందే వీపున ఎక్కించుకొని తీసుకపోయేవాణ్ణి. దించి, చెంబు పక్కన పెట్టి, అటు తిరిగి నిలబడేవాణ్ణి. పిల్లోళ్లు నవ్వితే రాళ్లతో కొట్టేవాణ్ణి. "తమ్మునికి దేవుడట్లాంటి అన్నవురా" అని వార్డెను సారు అంటే పొంగిపోయినాను.

వాడు మధ్యాహ్నం దాటితే నీళ్లు తాగేవాడు కాదని నాకు తెలీదు. రాత్రి అన్నం సగం పక్కపిల్లోని తట్టలో వేసేవాడని తెలీదు. ఒకనాడు మూత్రంలో మంట, వొళ్లు కాలే జ్వరం. డాక్టరు నీళ్లు బాగా తాగమన్నాడు.

"ఎందుకు తాగవురా?"

"తాగితే రాత్రిపూట నిన్ను లేపల్ల గదనా."

దసరా సెలవులకు ఇంటికి పోయినోడు మళ్లీ రాలేదు. లెక్కల్లో నాకంటే చురుకు. మా గేరిలో మొదటి డిగ్రీ నాదని అందరూ చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు చెంబు పక్కన కూర్చున్న వాడే కనపడతాడు. నేను బి.ఇడి. చేసి టీచరైనాను. వాడు మోటారు మిషను పెట్టుకొని టైలరైనాడు.

ఉద్యోగమొచ్చినాక చట్టాలు చదివినాను. మేము ఆ హాస్టల్లో చేరేనాటికే 1995 వికలాంగుల చట్టం ఉంది. చక్రాల కుర్చీ వాడేవాళ్లకు తగినట్టు మరుగుదొడ్లు మార్చాలని అందులో రాసినారు. దానికి ముందే, ఆర్థిక స్తోమతకు లోబడి అని ఒక ముక్క పెట్టినారు. మా తమ్ముని చదువు ఆ ముక్క కిందే నలిగిపోయింది. బడి, దాని ఆవరణ, వసతులు అన్నీ ఈ పిల్లలకు అందుబాటులో ఉండాలని 2016 చట్టం చెప్పింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, హైదరాబాదు నల్సార్ యూనివర్సిటీ వాళ్ల నివేదిక చూసి, ఇవి సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి చేయండని కేంద్రానికి చెప్పింది. కాగితం మీద మనకు తక్కువేం లేదు.

లెట్రిన్లు కట్టే కూలోళ్లలో మావాళ్లున్నారు. కడిగేవాళ్లలో మావాళ్లే ఎక్కువ. అందులో మా పిల్లోడు కూర్చోగలడా అని మాత్రం మమ్మల్ని ఎవరూ అడగలేదు.

పోయినేడు నా తరగతిలోకి చక్రాల కుర్చీలో ఒక పిల్లవాడు వచ్చినాడు. ఉండేది హాస్టల్లో. అక్కడ వికలాంగులకని కొత్త మరుగుదొడ్డి కట్టి, గోడమీద కుర్చీ బొమ్మ గీసినారు. మధ్యాహ్నం భోజనం దగ్గర వానికి గ్లాసు అందిస్తే, "దప్పిక లేదు సార్" అన్నాడు. నా చెయ్యి వణికింది. ఆ మాట నాకు తెలుసు.

ఆదివారం తమ్మున్ని తీసుకపోయినాను. మెడలో టేపు అట్లే ఉంది. వార్డెను సారు అనుమతితో లోపలికి పాకి, ఒక్కొక్కటీ కొలిచినాడు. తలుపు రెండడుగులు, కుర్చీ పట్టదు, మూడు కావల్ల. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. "పిల్లోడు జారి దానికి అడ్డం పడితే ఎట్ల తీస్తారు సార్? బయటికి తెరుచుకోవల్ల." అడుగెత్తు గడపకు నాలుగడుగుల ర్యాంపు, పన్నెండడుగులుండాలి, లేకుంటే కుర్చీ వెనక్కి దొర్లుతుంది. కుర్చీ తిరగను లోపల అయిదడుగుల జాగా కావల్ల. నేలకు నున్నటి బండలు; తడిస్తే చెయ్యి నిలవదు. కమోడు మీద కూర్చుంటే కొళాయి అందదు.

చివరికి పిల్లవాణ్ణి అడిగినాడు: "నీకు ఏ చెయ్యి బలమప్పా?"

"ఎడమది."

గోడకున్న పట్టుకొమ్మ కుడిపక్క ఉంది.

నేను సిగ్గుపడినాను. అన్ని నెలలు వీపున మోసినాను గానీ, తమ్ముణ్ణి ఏనాడూ ఆ మాట అడగలేదు. మోస్తే చాలనుకున్నాను.

మా గేరి బేల్దారి రెండు రోజులు పనిచేసినాడు. అడ్డగోడ కొంత కొట్టి జాగా చేసి, తలుపు వెడల్పు చేసి బయటికి తిప్పినాడు. పట్టుకొమ్మ ఎడమకు మార్చి, కొళాయి కిందికి దించి, బండలకు ఉలితో గాట్లు పెట్టినాడు. ఖర్చు నేనూ ఇంకో ఇద్దరు సార్లూ వేసుకున్నాం. ర్యాంపు మాత్రం అట్లే ఉంది. దానికి మంజూరు కావాలంట. అర్జీ మీద అర్జీ పెడుతున్నాను. అంతదాకా పైకి ఎక్కేటప్పుడు ఎవరో ఒకరు కుర్చీ తొయ్యాల్సిందే.

పని అయిపోయిన సాయంత్రం పిల్లవాణ్ణి పైదాకా తోసినాం. లోపలికి వాడొక్కడే పోయినాడు. గడియ పడిన శబ్దం వినపడింది. నేను పాత అలవాటు కొద్దీ అటు తిరిగి నిలబడినాను.

తమ్ముడు నన్ను చూసి నవ్వినాడు.

"ఇంగ ఎందుకునా, తలుపుంది గదా."