మీటరుకు సీలు సరే... ఇల్లంతటికీనా?

మాది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో మా మేనత్త కుటుంబం మొత్తం కొట్టుకుపోయింది. ఆ తర్వాత నేను వాతావరణ శాఖలో చేరి, ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. అందుకే రాడార్ గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఎక్కడలేని కోపం వస్తుంది. 2015లో ఆ కోపం మా అబ్బాయి మీదికే మళ్లింది.

వాడు న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. అంతకు రెండేళ్ల ముందు సెలవులకొచ్చినప్పుడు మా ఇంట్లో వైఫై రౌటర్ పడుతూ లేస్తూ ఉండేది. దాన్ని తయారుచేసిన కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వడం ఎప్పుడో మానేసింది. ‘పారేసి కొత్తది కొందాంరా’ అన్నాను. వింటేగా! మధ్యాహ్నమంతా కూర్చుని ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. మా ఆవిడ అన్నానికి మూడుసార్లు పిలిచింది. సాయంత్రానికి పెట్టె లేచి కూర్చుంది.

దాని పుట్టుక కథ కూడా అప్పుడే చెప్పాడు. 2003లో లింక్‌సిస్ వారి ఒక రౌటర్‌లో లినక్స్ ఉందని ఔత్సాహికులు పసిగట్టారు. లినక్స్‌ని తమ సరుకులో పెట్టి అమ్మేవాళ్లు దాని మూలరూపాన్నీ ఇవ్వాలన్నది షరతు. కంపెనీ ఇవ్వక తప్పలేదు. ఆ పునాది మీదే 2004లో ఈ సాఫ్ట్‌వేర్ మొదలైంది.

2015లో ఒకరోజు ఫోన్ చేసి, ‘నాన్నా, ఇక్కడ రౌటర్లకు తాళాలేయమంటున్నారు’ అన్నాడు. అమెరికాలో రేడియో పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌సీసీ, బయటివాళ్ల సాఫ్ట్‌వేర్ ఎక్కకుండా ఏం చేశారో చెప్పమని తయారీదారులను అడిగిందట. డీడీ-డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ పేరు కూడా అందులో ఉందట.

కారణం నాకు తెలుసు. 2009లో పోర్టోరికోలోని శాన్ హ్వాన్ విమానాశ్రయపు వాతావరణ రాడార్‌కు 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ పరికరాలు అడ్డుతగిలాయి. విమానం దిగేచోట గాలి ఒక్కసారిగా దిశ మారితే పసిగట్టాల్సిన రాడార్ అది. ఆ బ్యాండ్‌లో పనిచేసే పరికరం ముందు చెవొగ్గి, రాడార్ వినిపిస్తే ఆ చానల్ వదిలి తప్పుకోవాలి. ఆ ఏర్పాటును ఎవరో ఆపేస్తే? (మా మచిలీపట్నం రాడార్ వేరే ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుంది, దానికీ బెడద లేదు. అయినా మనసు ఊరుకోదుగా!) ‘తాళం వేయాల్సిందే’ అన్నాను.

‘రాడార్‌ని గాలికొదిలేయమని ఎవరన్నారు నాన్నా? కంపెనీ వదిలేసిన పెట్టెల్లో దొంగలు దూరే కంతలు ఎవరు పూడుస్తారు?’ అన్నాడు. మాటామాటా పెరిగింది. వారంపాటు ఫోన్ లేదు. ఆ వారం మా ఆవిడ నాతోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఓ ఉదయం వరండాలో కరెంటు మీటరు చూస్తుంటే తట్టింది. డిపార్టుమెంటువాళ్లు మీటరుకు సీలు వేస్తారు. న్యాయమే. కానీ మా ఫ్యాన్లకీ స్విచ్‌బోర్డులకీ వేయరే! నేనే ఫోన్ చేసి ఆ మాట చెప్పాను. వాడు నవ్వి, ‘అదే గొడవ నాన్నా. చవక రౌటర్లలో మీటరూ ఫ్యానూ ఒకే చిప్పులో ఉంటాయి. విడిగా సీలు వేయడం ఖర్చు. ఇల్లంతా తాళం వేయడం చవక’ అన్నాడు.

ఆ అక్టోబరులో ఇంటర్నెట్ పితామహుల్లో ఒకరైన వింట్ సెర్ఫ్, డేవ్ టాట్ సహా సుమారు 260 మంది నిపుణులు ఎఫ్‌సీసీకి లేఖ రాశారు. తాళాలు కాదు, మూలరూపం బయటపెట్టించండి, అందరం తనిఖీ చేస్తాం అన్నారు. నవంబరులో ఎఫ్‌సీసీ తన పత్రాన్ని సవరించింది. ఓపెన్ సోర్స్‌ను నిషేధించడం తన ఉద్దేశం కాదంది. 2016 ఆగస్టులో టీపీ-లింక్ కేసు తేలింది. ఆ కంపెనీ రౌటర్లలో దేశం పేరు మారిస్తే, అనుమతించిన దానికన్నా ఎక్కువ శక్తితో ప్రసారం చేసే వీలుండేది. రెండు లక్షల డాలర్లు కట్టడంతో పాటు, బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కేలా చూసేందుకు ఓపెన్ సోర్స్ వాళ్లతో కలిసి పనిచేస్తామనీ కంపెనీ ఒప్పుకుంది. జరిమానా వార్త నాకు నచ్చింది. రెండోది వాడికి నచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది వాడు తర్వాత తెచ్చిన రౌటర్. అందులోనూ అదే ఉచిత సాఫ్ట్‌వేర్. అక్కణ్నుంచే అప్పుడప్పుడూ అప్‌డేట్ చేస్తుంటాడు. అయిపోయిందని ఫోన్ చేసిన ప్రతిసారీ అడుగుతాను.

‘ఒరేయ్, దేశం దగ్గర ఇండియా అనే ఉందా?’

‘ఉంది నాన్నా, ఉంది’ అంటాడు విసుక్కుంటూ.